గాజుగది: ఇద్దరు వియ్యంకుల సంవాదము

మిషిగన్ రాష్ట్రమున డెట్రాయిట్ నగరమునకు వాయవ్యదిశగా నున్న నోవై పట్టణమున, తెలుగు కుటుంబములు విరివిగా స్థిరపడిన కాలనీలలో, వంటయింటి ప్రక్కనున్న జారుడు తలుపును త్రోసికొని పెరటిలోనికి అడుగిడినంతనే పాదమునకు తగులు కాంక్రీటు చప్టాకు పాటియో అని పేరు. దానికి గోడలు లేవు, కప్పు లేదు. వేసవిలో ఒక బల్లయు, నాలుగు కుర్చీలును, ఒక గ్రిల్లును దానిపై కొలువుదీరి, నవంబరు ప్రవేశింపగానే గరాజులోనికి తరలిపోవును. ఆ మీదట ఏప్రిలు వఱకు ఆ చప్టా మంచు క్రింద మరుగుపడి, ఇంటివారి స్మృతిపథమునుండియు తొలగిపోవును. ఏడాదిలో దాదాపు సగము అక్కరకు రాని ఈ స్థలమునకు గాజుగోడలు నిలిపి, పైకప్పు వేసి, సన్‌రూముగా మార్చినచో నెంత సొగసుగా నుండునను కోరిక అచ్చటి ఏ యింటనైనను ఎప్పుడో ఒకప్పుడు మొలకెత్తక మానదు.

అట్టి కోరిక మొలకెత్తిన ఒక యింట జరిగిన వాదమిది. అమ్మాయి తండ్రి హనుమకొండలో వృక్షశాస్త్రము బోధించి విశ్రాంతి గొన్న లెక్చరరు. గ్రీన్‌కార్డు లభించినది మొదలు భార్యాసమేతముగా కూతురియొద్దనే యుండి, అచ్చటి శీతకాలమును ఆమూలాగ్రముగా అనుభవించుచున్నవాడు. అబ్బాయి తండ్రి రాజమహేంద్రవరమువాడు. రోడ్లు భవనముల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పదవీవిరమణ చేసి, ఏటేటా మే నెలలో వచ్చి అక్టోబరులో మరలిపోవు అలవాటు గలవాడు. పిల్లలిద్దరును ఆఫీసులకు వెడలిన పిమ్మట, కంట్రాక్టరు ఇచ్చిపోయిన అంచనా కాగితము భోజనపు బల్లపై వారిరువురి నడుమ నిలిచినది. ఇంజనీరుగారు నేలను గూర్చియు, మాష్టారు వెలుతురును గూర్చియు మాటలాడినంతసేపు ఇరువురును దుర్జయులే. ఒకరి సీమలోనికి మరియొకరు చొరబడినప్పుడే తడబాటు కలిగినది.

మాష్టారు: బావగారూ, ఉదయమునుండి తామా కాగితమును అటు నిటు త్రిప్పుచునే యున్నారు గాని ఒక్క మాటయు సెలవియ్యలేదు. చప్టా సిద్ధముగా నున్నది. ఒక ప్రక్క ఇంటిగోడ సిద్ధముగా నున్నది. మిగిలిన మూడు ప్రక్కల గాజు నిలిపి పైన కప్పు వేయుటకు ఇంత ఆలోచన యేల?

ఇంజనీరు: చప్టా సిద్ధముగా నున్నదను ఆ మాటయే నా ఆలోచనకు కారణము. తమకు కనుపించునది గదికి కావలసిన నేల. నాకు కనుపించునది 4 అంగుళముల మందముగల కాంక్రీటు పలక. క్రింద కొంత కంకర పరచి, దానిపై పోసి, వాననీరు ఇంటినుండి దూరముగా పారుటకు అడుగునకు పావు అంగుళము చొప్పున వాలు పెట్టి విడిచిన పలక యది. 12 అడుగుల వెడల్పునకు ఆ వాలు 3 అంగుళములగును. దానిపై సోఫా వేసి కూర్చున్నవాడు పెరటివైపునకు ఒరిగి యుండవలసినదే. వాలును సరిచేయుట ఎంత పని? పైన కొయ్యదూలములు పరచి చదును చేయవచ్చును. దాని క్రింద ఏమియు లేకుండుటయే అసలు చిక్కు.

మాష్టారు: భూమి యుండగా ఏమియు లేదనుట యెట్లు?

ఇంజనీరు: ఈ దేశపు భూమిని శీతకాలమున నమ్మరాదు. మిషిగన్ నిర్మాణ నియమావళి ప్రకారము పునాది అడుగుభాగము నేలమట్టమునకు 42 అంగుళముల లోతున నుండవలయును. అంతవఱకు నేల గడ్డకట్టు నవకాశము కలదని దాని భావము. గడ్డకట్టినంతమాత్రమున కలుగు హాని స్వల్పమే. మెత్తని మట్టిలోని నీరు గడ్డకట్టునపుడు, తన క్రిందనున్న తడిని కూడ పైకి పీల్చుకొని, పొరలు పొరలుగా మంచుబిళ్ళలు కట్టి, పైనున్న భారమును మెల్లగా ఎత్తుచుండును. వసంతమున ఆ పొరలు కరగగా ఎత్తబడినది కుంగును, అదియును సమముగా కుంగదు. ఇల్లు లోతైన పునాదిపై నున్నది కావున కదలదు. చప్టా యేటేటా లేచుచు దిగుచు నుండును. దానిపై కుర్చీలు తప్ప మరేమియు లేనందున ఎవరికిని తెలియదు. ఇప్పుడు గాజుగోడల అడుగును చప్టాకును, కప్పు దూలమును ఇంటిగోడకును బిగించితిమనుకొనుడు: ఒక కొన కదలును, ఒక కొన కదలదు. మొదట తలుపు పట్టివేయును. తరువాత ఇంటిగోడకును కప్పునకును నడుమ పూసిన సీలు విడిపోయి నీరు దిగును. అద్దము పగులుట ఆ పిమ్మటి మాట.

మాష్టారు: గదిలో వేడి పెట్టినచో క్రింది నేల గడ్డకట్టనే కట్టదు గదా.

ఇంజనీరు: వేడి క్రిందికి పోవలయునన్న నేలను ఇన్సులేషను లేకుండ విడువవలయును, విడిచినచో తమ పాదములు జనవరిలో ఆ నేలపై నిలువవు. పాదములకొఱకు ఇన్సులేషను వేసినచో వేడి మట్టికి చేరదు. అంచులలోనైతే చలి ఎట్లును ప్రక్కనుండి చొచ్చుకొని వచ్చును. నురుగుపలకలను భూమిలో అడ్డముగా పాతి, తక్కువ లోతు పునాదిని కాపాడు పద్ధతి యొకటి కలదు గాని, అది మొదటినుండి అట్లు యోజించిన కట్టడమునకే చెల్లును. ఎవరో ఎప్పుడో పోసిపోయిన చప్టాకు చెల్లదు.

మాష్టారు: తాము గోదావరి జిల్లాల నల్లరేగడిలో జీవితమంతయు కట్టడములు లేపినవారు. వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు విచ్చు ఆ నేలపై మనవారు ఇండ్లు కట్టుట మానుకొన్నారా?

ఇంజనీరు: మానుకొనలేదు, ఆ నేలపై గోడల భారము మోపుటను మానుకొన్నారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు రూపొందించిన పద్ధతిలో, అడుగున వెడల్పుగా తొలిచి పోయు పైళ్ళను, ఉబ్బు కుంగు లెరుగని లోతువఱకు దింపి, వాటిపై దూలములు వేసి, ఆ దూలములపై గోడలు లేపితిమి. ఇచ్చటను చేయవలసినది అదియే. చప్టా అంచున 42 అంగుళములు మించి త్రవ్వి కాంక్రీటు స్తంభములైనను పోయవలయును, లేదా మరచుట్లుగల ఇనుప పైళ్ళను యంత్రముతో భూమిలోనికి త్రిప్పి దింపవలయును. గోడలు, కప్పు, చివరకు నేల దూలములు కూడ వాటిమీదనే ఆని, చప్టాకు తగులకుండ నడువవలయును. అప్పుడు తాము సిద్ధముగా నున్నదన్న చప్టాకు చేయవలసిన పని యేమియు మిగులదు. ఈ అంచనాలోనో, పైళ్ళ ఊసే లేదు. "ఇప్పుడున్న శ్లాబుపైననే" అని వ్రాసి, అందువలననే ఖరీదు తగ్గినదని గీత కూడ గీసినాడు. త్రవ్వుటకు ముందు 811 నంబరునకు ఫోను చేసినచో గ్యాసు గొట్టములును, కరెంటు తీగెలును ఎచ్చటెచ్చట పోవుచున్నవో వచ్చి గుర్తులు పెట్టిపోదురు. త్రవ్వకమే లేని అంచనాలో ఆ ఫోను ప్రసక్తి యెట్లు వచ్చును?

మాష్టారు: సరే, పైళ్ళు వేయింతము. తమ యభ్యంతరము ఖరీదును పెంచినదే గాని గదిని పడగొట్టలేదు. ఇక నా మాట వినుడు. డిసెంబరు చివరను, జనవరి మొదటను ఇచ్చట సూర్యోదయము ఉదయము 8 గంటలకు; 5 దాటిన కొలది నిమిషములకే అస్తమయము. మధ్యాహ్నమున సైతము సూర్యుడు దక్షిణమున 24 డిగ్రీల ఎత్తునకే లేచి, అంతటితో అలసినవానివలె దిగిపోవును. ఆ తొమ్మిది గంటల పగటిలోను పెక్కుదినములు సరస్సుల మీదుగా వచ్చు మేఘములు కమ్మియుండును. పిల్లలు చీకటిలో వెడలి చీకటిలో మరలి వత్తురు. మేమిద్దరము పగటి పూట కూడ దీపములు వెలిగించుకొని, గోడలవంక చూచుచు కూర్చుందుము. శీతకాలమున పుట్టి వసంతమున తొలగు విషాదమును 1984లో నార్మన్ రోసెంతాల్ అను మనోవైద్యుడును, ఆయన సహచరులును ఒక వ్యాధిగా వర్ణించి పేరు పెట్టిరట; ఆ పేరు నా చెవి బడకమునుపే వ్యాధి నాకు పరిచయమైనది.

ఇంజనీరు: దానికి 10,000 లక్సుల దీపపుపెట్టె యొకటి దొరకునని వింటిని. ఈ గది ఖరీదులో అది ఎన్నవ వంతు?

మాష్టారు: అమ్మాయి కొనియిచ్చినది, వాడుచున్నాను, గుణమును కనబడినది, కాదనను. కాని దాని యెదుట కూర్చున్నంతసేపు రోగినను స్పృహ వదలదు. నేను కోరునది మంచులో ఉడుతల పరుగులు చూచుచు కాఫీ త్రాగుటకొక చోటు. అదిగాక మీ చెల్లెలికి మోకాళ్ళ నొప్పులు. విటమిన్ డి తక్కువగా నున్నదని డాక్టరు చెప్పినాడు. ఎండలో కూర్చున్నచో...

ఇంజనీరు: బావగారూ, శాస్త్రము బోధించినవారు తాము! ఆ విటమినును చర్మములో పుట్టించు అతినీలలోహిత కిరణములను కిటికీ అద్దము లోనికి రానీయదు. అద్దము వెనుక దినమంతయు కూర్చున్నను చెల్లెమ్మగారి కది దక్కదు. మదనపల్లె ఆరోగ్యవరమువంటి శానటోరియములలో క్షయరోగులను తెరపి వసారాలలోనే గదా పరుండబెట్టిరి, గాజుపెట్టెలలో కాదు.

మాష్టారు: (కొంచెము తడబడి) ఆ మాట నిజమే, ఒప్పుకొందును. కాని మిగిలిన సగము కూడ చెప్పవలయును గదా. ఇంచుమించు ఈ అక్షాంశముననే యున్న బోస్టనులో పరిశోధించి, నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు ఆరుబయట నిలిచినను చర్మములో ఆ విటమిను పుట్టదని 1988లో తేల్చిరి. కావున ఆ నాలుగు నెలలు గాజు ఉన్నను లేకున్నను ఒకటే. దానికి మాత్రలు గలవు. కంటికి కావలసిన వెలుతురునకు గాజు అడ్డము రాదు. గాజును తాము తేలికగా త్రోసివేయుచున్నారు. ఇంగ్లండులో 1845 వఱకు గాజుపై పన్ను, 1851 వఱకు కిటికీలపై పన్ను ఉండెను. గాజుపన్ను తొలగిన ఆరేండ్లకే లండనులో స్ఫటికసౌధము లేచినది. దానిని రూపొందించిన జోసెఫ్ పాక్స్‌టన్ ఎవరు? ఇంజనీరు కాడు, తోటమాలి!

ఇంజనీరు: ఆ తోటమాలియే అంతకుముందు చాట్స్‌వర్త్‌లో ఒక మహా గాజుశాల కట్టెను. దానిని వెచ్చగా నుంచుటకు నేలమాళిగలో ఎనిమిది బాయిలర్లు. వానికి బొగ్గు చేరవేయుటకు భూమిలో సొరంగము, సొరంగములో పట్టాలు. మొదటి ప్రపంచయుద్ధకాలమున బొగ్గు కరవై లోపలి చెట్లు చచ్చినవి. 1920లో ఆ గాజుశాలనే కూలద్రోసిరి. గాజు ఎన్నడును తనంతట తాను వెచ్చగా నుండలేదు. వెనుకనుండి ఎవరో బొగ్గు వేయుచునే యుండిరి.

(ఈ దెబ్బకు మాష్టారు కొంతసేపు మౌనము వహించిరి. పాక్స్‌టన్‌ను తెచ్చుటలో ఆయన తొందరపడినట్లే నాకును తోచినది. అయినను తరువాతి వాదమును ఆయన ఇంట్లోని కుండీనుండి తీయుటచేత మరల బలము పుంజుకొనెను.)

మాష్టారు: మీ చెల్లెలు కుండీలో పెంచుచున్న కరివేపచెట్టును చూచితిరి గదా, వేసవిలో ఎంత ఏపుగా నుండునో! అక్టోబరులో దానిని లోపలికి తెచ్చినది మొదలు ఆకులు పండి రాలుట ప్రారంభమై, ఫిబ్రవరికి కొమ్మలు మాత్రమే మిగులును. ఏటేటా చచ్చి బ్రదుకుచున్న ఆ చెట్టుకైనను ఒక వెలుతురు గది కావలయును.

ఇంజనీరు: ఆ చెట్టునే సాక్షిగా పెట్టుకొందము. ఈ అంచనాలోనిది మూడు ఋతువుల గది: ఒంటి పొర గాజు, వట్టి అల్యూమినియం చట్రములు, వేడి లేదు. జనవరి రాత్రి బయట ఫారన్‌హీట్ సున్న దరిదాపులకు దిగినపుడు లోపల నీరు గడ్డకట్టకుండునను నమ్మకము లేదు. కరివేప ఒక్క రాత్రిలో నల్లబడును. ఇల్లంత వెచ్చగా నుండు నాలుగు ఋతువుల గది కావలయునన్నచో అది వేరు కట్టడము, వేరు ధర. ఉష్ణము గాజునుండి జారిపోవు వేగమును కొలుచుటకు ఇచ్చటివారు యు-ఫ్యాక్టరు అను సంఖ్య వాడుదురు. ఒంటి గాజునకు అది ఇంచుమించు 1. రెండు పొరల గాజునకు 0.5, లోహపు పూత పూసి నడుమ ఆర్గాన్ వాయువు నింపిన మేలురకమునకు 0.3. ఇన్సులేషను నింపిన మామూలు కొయ్యగోడకు 0.06. అనగా మిక్కిలి ఖరీదైన గాజు కూడ సామాన్యమైన గోడకంటె అయిదింతలు వేడిని పోనిచ్చును. చట్రములలోను లోపలి లోహమునకు బయటి లోహము తగులకుండ నడుమ ఎడము పెట్టినవే కొనవలయును. కానిచో చట్రమే మంచుకట్టును.

మాష్టారు: మేలురకమే వేయింతము. ప్రత్యేకముగా ఒక మినీ స్ప్లిట్టు యంత్రము పెట్టింతము. అమ్మాయి ఆలోచన మరియొకటి కలదు: ఇప్పుడున్న జారుడు తలుపును, దాని ప్రక్క గోడను తీసివేసి, వంటయిల్లును గాజుగదిని ఒకటే చేయవలయునని.

ఇంజనీరు: ఆ తలుపును మాత్రము తాకనీయకుడు! ఆ తలుపు ఉన్నంతవఱకు గాజుగది ఖర్చు గాజుగదిదే. ఎముకలు కొరుకు రాత్రి దానిని మూసి, ఆ గదిని దాని మానమునకు దానిని విడిచివేయవచ్చును. తలుపు తీసిన మరుక్షణమున ఇంటి ఫర్నేసంతయు ఆ అద్దములకొఱకే మండవలసి వచ్చును. వేడి సంగతి అటుంచుడు. మన వంటయింట నిత్యము అన్నము ఉడుకును, చారు మరగును, పోపు వేగును; ఆ ఆవిరియంతయు పోయి చల్లని గాజుపై బిందువులై, కారి, చట్రముల మూలల బూజు పట్టించును. చెల్లెమ్మగారి కుండీల తడి దానికి తోడు.

మాష్టారు: తలుపు విషయమున తమ మాటయే ఉండనిండు, అమ్మాయికి నేను నచ్చజెప్పుదును.

ఇంజనీరు: తక్కినవి త్వరగా చెప్పి ముగింతును. ఈ పాటియో ఇంటికి పడమట నున్నది. జూనులో ఇచ్చట రాత్రి 9 దాటినగాని ప్రొద్దు క్రుంకదు. నడినెత్తిన నుండు మధ్యాహ్న సూర్యుని కప్పు ఆపును గాని, అడ్డముగా చొచ్చుకొనివచ్చు సాయంకాలపు సూర్యుని ఏ చూరును ఆపలేదు. లోనికి వచ్చిన వెలుతురు నేలను తాకి వేడియై, ఆ వేడి తిరిగి గాజును దాటి పోజాలక లోపలనే నిలుచును. శీతకాలమున తాము కోరు ఆ గుణమే జూలైలో తమను గదినుండి తరుమును. పర్మిట్టు కావలయును, కాలనీ సంఘమువారి అనుమతి కావలయును, సరిహద్దునుండి విడువవలసిన దూరము చూడవలయును. ఇంటిపన్నునకు ఆధారమగు విలువ ఏటేటా 5 శాతమునకో, ద్రవ్యోల్బణమునకో, వానిలో ఏది తక్కువైన దానికి మించి పెరుగకుండ ఈ రాష్ట్ర ప్రజలు 1994లో కట్టడి చేసికొనిరి గాని, క్రొత్తగా చేర్చిన గదికి ఆ కట్టడి వర్తింపదు.

మాష్టారు: పడమటి గోడను గాజు కాక కొయ్యగోడగా కట్టి, దక్షిణపు గోడను నిండుగా గాజు చేయింతము. తాము చెప్పిన 24 డిగ్రీల సూర్యుడు...

ఇంజనీరు: తామే చెప్పితిరి, నేను కాదు.

మాష్టారు: ఎవరు చెప్పిననేమి, ఆ సూర్యుడు దక్షిణపు గాజుగుండ గది లోపలి గోడవఱకు పాకి వచ్చును, వేసవిలో 71 డిగ్రీల ఎత్తున నుండువానిని రెండడుగుల చూరు బయటనే నిలుపును. పడమటి గాజు పోయిన పిమ్మట తమ ఆక్షేపణలలో ఇక మిగిలినదేమి?

ఇంజనీరు: మిగిలినది తాము పరుండు గది. క్రింది అంతస్తున తమ దంపతులకు ఇచ్చిన ఆ పడకగది కిటికీ ఎటు తెరచుకొనుచున్నది?

మాష్టారు: పాటియో పైకే గదా.

ఇంజనీరు: అగ్నిప్రమాదము కలిగినపుడు తలుపుగుండ పోలేనివారు పడకగది కిటికీనుండి నేరుగా ఆరుబయటికి దిగిపోవుటకు వీలుండవలయునని ఇచ్చటి శాసనము. దాని ముందు గాజుగది కట్టినచో ఆ కిటికీ ఆరుబయటికి గాక మరియొక గదిలోనికి తెరచుకొనును, అనుమతి రాదు. రాకుండుటయే న్యాయము కూడ. పొగ నిండిన రాత్రి ఈ వయస్సున తాము ఒక గదినుండి తప్పించుకొని మరియొక గదిలో చిక్కుట నేను సహింపను. కంట్రాక్టరు కొలతలలో 16 అడుగుల పొడవు చప్టా యంతయు గదిలో కలిసిపోయినది. ఆ కిటికీని అతడు చూచినట్లే లేదు.

(ఇంతవఱకు ఖరీదనియు, పన్ననియు విన్నపుడు చలింపని మాష్టారు దీనికి మాత్రము లేచిపోయి, ఆ కిటికీని తెరచి చూచి వచ్చిరి.)

మాష్టారు: గదిని ఆ కిటికీకి ఇవతలనే ఆపినచో?

ఇంజనీరు: 16 అడుగులు 10 అడుగులగును.

మాష్టారు: రెండు కుర్చీలు, ఒక బల్ల, కరివేప కుండీ, మల్లె కుండీ. పది అడుగులు చాలును. మీరు ఆ కాగితము వెనుకనే గీయుడు: పైళ్ళు, దక్షిణపు గాజు, పడమట కొయ్యగోడ, పాత తలుపు ఎప్పటివలెనే.

ఇంజనీరు: గీయుదును. గాజుపై బయటివైపున రెండేసి అంగుళముల ఎడముతో చుక్కలు అంటించుడని కూడ వ్రాయుదును. ఈ దేశమున ఏటేటా భవనముల అద్దములకు కొట్టుకొని చచ్చు పక్షుల సంఖ్య తక్కువలో తక్కువ 36 కోట్లకు పైబడునని 2014లో లెక్క వేసిరి. తమ ఉడుతల వినోదము నడుమ అది చూడజాలరు. ఇంత గీసియు చెప్పుచున్నాను, నా మనస్సునకిది ఇంకను ఎక్కలేదు. మీ హనుమకొండ లోగిలిలో నడుమ ఆకాశము తెరచి యుండెడిది. కోతుల బెడదకని ఇనుపజాలి వేసిరి. జల్లు పడుచున్నదని దానిపై ప్లాస్టికు రేకులు వేసిరి. ఇప్పుడచ్చట వాన చప్పుడు తప్ప వాన లేదు. బయట అను స్థలమొకటి ఇంటికి అంటియుండవలయునని నా కోరిక. ఏ తలుపు త్రోయకుండ, గాలి మొగమునకు తగులుచు, ప్రక్కింటివారు పలుకరించుచు...

మాష్టారు: నవంబరునుండి ఏప్రిలు వఱకు ఆ ప్రక్కింటివారి మొగమును నేను చూడలేదు, బావగారూ. వారి గరాజు తలుపు లేచుట, దిగుట మాత్రమే చూచితిని.

ఇంజనీరు: అయినను పడకగది కిటికీ ముందరి ఆ ఆరడుగులు ఎట్లును తెరపిగనే మిగులును. నా కుర్చీ అచ్చట వేయుడు, నాకది చాలును.

మాష్టారు: జనవరిలో కూడనా?

ఇంజనీరు: జనవరిలో నేను రాజమహేంద్రవరములో ఉందును గదా!

మాష్టారు: అదిగో, ప్రొద్దుటినుండి నేను వెదకుచున్నది ఇప్పుడు దొరకినది! మే నెలలో వచ్చి అక్టోబరులో పోవు చుట్టమునకు గాజుగది అక్కరలేదని తోచుటలో వింత యేమున్నది?

ఇంజనీరు: వింత లేదు, ఒప్పుకొంటిని. కాని పునాది 42 అంగుళములు, బావగారూ. అందులో ఒక్క అంగుళము తగ్గినను ఈ కాగితముపై నా చేవ్రాలు ఉండదు.